పి.టి.యం.లో దాచిన పెట్టె

నా పుట్టినవూరు పెద్దతిప్పసముద్రం. పేరు విని అక్కడ పడవలూ కెరటాలూ వుంటాయనుకునేరు! మా సీమలో సముద్రమంటే చెరువు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఎంత సముద్రమో మాదీ అంతే. వాన కురిసిన యేడు నీళ్ళు, కురవని యేడు పశువులు మేసే బయలు. నీళ్ళమీద ఎంత ఆశ వుంటే చెరువుకి ఆ పేరు పెట్టుకుంటారో చూడండి!

ఈ పేరుతో ఒక చిక్కు కూడా వుంది. మదనపల్లెకి ఇటు మా వూరైతే, అటు చిన్నతిప్పసముద్రమని ఇంకొక వూరు. జనం నోట ఒకటి పి.టి.యం., మరొకటి సి.టి.యం. మదనపల్లె రోడ్డు అని బోర్డు వున్న రైలు స్టేషను నిజానికి సి.టి.యం.లో వుంది. నా పెళ్ళికి బయలుదేరిన మగపెళ్ళివారి చుట్టాలు ఇద్దరు అక్కడ దిగి, "తిప్పసముద్రం ఇదే కదా!" అని ధైర్యంగా వూళ్ళోకి నడిచి, పందిరికోసం వీధివీధీ గాలించారట. మా వూరు చేరేసరికి తాళి కట్టడమూ అయింది, పూర్ణాలూ అయిపోయాయి. మా మామగారు బతికివున్నన్నాళ్ళూ ఆ పూర్ణాల సంగతి ఎత్తుతూనే వుండేవారు.

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు బెంగుళూరు నుంచి మదనపల్లెలో మా యింటికి వచ్చినప్పుడు ఈ కథ మళ్ళీ చెప్పాను. వాడు నవ్వి, "అందుకే అత్తా, పేర్లని నమ్మకూడదు. అంకెలని నమ్మాలి" అన్నాడు. అని ఫోను తీసి, మా వూరి చెరువుకట్ట ఎక్కడుందో డిగ్రీలు, నిమిషాలతో సహా చదివి వినిపించాడు. అలా మొదలైంది ఈ వ్యవహారం.

వాడికొక ఆట పిచ్చి వుంది. ఆట పేరు జియోకాషింగ్. చెబితే చాలా చిన్న సంగతి. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాస్తారు. అందులో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క, పిల్లలు ముచ్చటపడే చిల్లర సామాను వుంటాయి. డబ్బా వున్న చోటు అక్షాంశమూ రేఖాంశమూ ఇంటర్నెట్టులో రాసిపెడతారు. ఇష్టమున్నవాళ్ళు ఆ అంకెలు ఫోనులో వేసుకుని వెతుక్కుంటూ పోవాలి. దొరికితే పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. లోపలి సామానులో ఏదైనా తీసుకుంటే, దానికి తక్కువ కానిది ఇంకొకటి పెట్టాలి.

"ఇంతా చేస్తే ఏమిస్తారురా?" అన్నాను.

"ఏమీ ఇవ్వరత్తా."

"మరెందుకూ!"

వాడు జవాబు చెప్పలేదు. మరునెల నేను బెంగుళూరు వెళ్ళినప్పుడు ఒక పార్కుకి తీసుకుపోయి, ఫోను నా చేతికిచ్చి, "నువ్వే వెతుకు" అన్నాడు. ఫోను మీద బాణం గుర్తు రాతిబెంచీ దాకా తెచ్చింది. తరువాత బాణం అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. పావుగంట వెతికాను. అరవైయారేళ్ళ ముసలమ్మ బెంచీ కింద దూరుతుంటే వాకింగుకి వచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఇలా ఆట సంగతి తెలియనివాళ్ళని హారీ పాటర్ కథల మాట తీసుకుని "మగల్" అంటారట. వాళ్ళ కంట పడకుండా వెతకడమే గొప్పట. నేను అందరి కంటా పడ్డాను. అయినా చివరికి బెంచీ అడుగున ఇనపకమ్మీకి అంటుకుని వేలెడంత డబ్బా చేతికి తగిలినప్పుడు, చెప్పొద్దూ, చిన్నప్పుడు దాగుడుమూతల్లో గాదె వెనక మా అక్కని పట్టుకున్నంత సంతోషమైంది.

ఈ ఆట పుట్టుక కూడా వినదగ్గదే. భూమికి ఇరవైవేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల సంకేతాలని బట్టి మనమున్న చోటు తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, లెక్క తేలుతుంది. కాని 2000వ సంవత్సరం దాకా ఆ దేశపు సైన్యం పరాయివాళ్ళకి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేది. నూరు మీటర్ల దాకా తప్పు చూపించేది. ఆ యేడు మే 1న, ఇక చెడగొట్టబోమని అధ్యక్షుడు క్లింటన్ ప్రకటించాడు. రెండు రోజులు తిరగకుండా, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే వూరి దగ్గర అడవి అంచున ఒక నల్ల బకెట్టు దాచి, దాని అంకెలు ఇంటర్నెట్టులో పెట్టాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, బీన్సు గింజల డబ్బా ఒకటి వున్నాయి. మైక్ టీగ్ అనే ఆయన మొదట కనిపెట్టాడు. ఆ సెప్టెంబరుకల్లా జెరెమీ ఐరిష్ ఈ ఆటకోసం ఒక వెబ్‌సైటే తెరిచాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ముప్ఫై లక్షలకి పైగా డబ్బాలున్నాయి. 2008లో రిచర్డ్ గారియట్ అనే ఆయన అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు అక్కడ కూడా ఒకటి పెట్టి వచ్చాడు! బీన్సు గింజలతో మొదలైన ఆట ఆకాశానికెక్కింది. తినే పదార్థాలు మాత్రం ఇప్పుడు డబ్బాలో పెట్టనివ్వరు. కుక్కలూ ఎలుకలూ వూరుకోవు కదా.

దొరకనివాళ్ళకోసం చిన్న సూచన ఒకటి రాస్తారు. పొరపాటున కంటపడకుండా దాన్ని మరుగుభాషలో పెడతారు. ఇంగ్లీషు అక్షరం ప్రతిదీ పదమూడు స్థానాలు జరుపుతారు. ఏ బదులు ఎన్, బి బదులు ఓ. వాడు దాన్ని మహా రహస్యంలా వివరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. పెద్దవాళ్ళకి తెలియకుండా మేము ప్రతి అక్షరానికీ ముందు "క" చేర్చి మాట్లాడుకున్న కభాష ఏమిటి మరి? మా బామ్మకి మాత్రం అది కూడా అర్థమయ్యేది.

ఇక అసలు సంగతి. మావాడికి పి.టి.యం.లో తనే ఒక పెట్టె దాచాలని కోరిక. తాతగారి వూరు కదా. రెండు నెలలు కూర్చుని తయారుచేశాడు. నీళ్ళు చొరని ప్లాస్టిక్ పెట్టె, పుస్తకం, పెన్సిలు, నాలుగు గాజులు, గోళీలు, బొంగరం, ఆట వివరించే కాగితం తెలుగులో, ఇంగ్లీషులో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఎవరైనా దిద్దగల పటం ఒకటుంది. అందులో మా వూరి చుట్టూ తెల్లగా వున్న జాగా చూసి వాడికి దిగులు. "నాలుగు బాటలు నేనే గీస్తానత్తా" అన్నాడు. నాకు దిగులు వేరు. మా నాన్నగారు ఆ వూళ్ళో ఇరవై యేళ్ళు పిల్లలకి చదువు చెప్పారు. ఆయన పోయాక ఇల్లు అమ్మేశాం. మిగిలింది రాళ్ళగుట్ట పక్క అరెకరం మెట్ట. పద్నాలుగేళ్ళుగా ఆ వూరు తొక్కలేదు.

మాఘమాసం చివర ఒక ఆదివారం వాడి కారులో బయలుదేరాం. అంగళ్ళు దాటాక హార్సిలీ కొండ కనిపిస్తుంది. నాలుగువేల అడుగులు దాటిన ఎత్తు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి చల్లదనం కోసం పైన ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. అంతకుముందు ఏనుగు మల్లమ్మ కొండ. దారి పొడుగునా టమాటా తోటలు. బి.కొత్తకోట దగ్గర కాఫీ తాగాం. అక్కడినుంచి దారి సన్నం. రాళ్ళగుట్టలు, చింతచెట్లు, వేరుశనగ కోసిన ఎర్రచేలు.

మావాడు ఫోను చూసి, "మనం 78వ డిగ్రీ రేఖ దగ్గరికి వస్తున్నామత్తా" అన్నాడు. ఆ రేఖ సామాన్యమైనది కాదు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెంట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ గొలుసు పరిచి దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా ఇంచుమించు ఈ రేఖ వెంటే సాగింది. అర టన్ను బరువున్న కొలత యంత్రాన్ని కొండలమీదికీ గుడి గోపురాలమీదికీ మోయించారు. 1808లో తంజావూరు గుడి మీదికి లాగుతుంటే తాడు తెగి యంత్రం దెబ్బతింటే, లాంబ్టన్ వారాల తరబడి తలుపు వేసుకు కూర్చుని తన చేతులతో బాగుచేసుకున్నాడు. 1823లో హింగన్‌ఘాట్‌లో పోయేదాకా ఆయనకి అదే పని. కొండకొసన జెండా పాతి దుర్భిణి పెట్టుకు చూసే ఈ దొరలని చూసి జనానికి అనుమానాలు కలిగాయంటే ఆశ్చర్యమేముంది? ఇప్పుడు ఆ అర టన్ను పని జేబులో ఫోను చేస్తోంది. మన నెల్లూరు సీమలో శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మన దేశం కూడా దారిచూపే సొంత ఉపగ్రహాన్ని పంపింది. అన్నీ మారాయి. జనం అనుమానం మారలేదని ఒక గంటలో నాకు తెలిసివచ్చింది.

పెట్టెకోసం మావాడు పటంలో చూసి పెట్టుకున్న చోటు ఒక పాడుబడ్డ రాతిమంటపం. అది ఏ దిక్కున వుందో చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది. కారు బాట పక్కన ఆపి లోపలికి వెళ్ళాం. నాలుగు స్తంభాలు, పైన మూడు బండలు, నాలుగోది కిందపడి రెండు ముక్కలైంది. నడిమధ్య నేల గొయ్యిలా వుంటే వానకి గుంట పడిందనుకున్నాను. మావాడు ఫోను పట్టుకుని స్తంభాల చుట్టూ తిరిగి అంకెలు రాసుకుంటున్నాడు. ఈ అంకెల్లో ఒక నిమిషమంటే సుమారు 1850 మీటర్లు. దాన్ని వెయ్యి భాగాలు చేసి మూడో దశాంశం దాకా రాస్తారు కనుక కాగితం మీద ఆరడుగుల తేడా కూడా తెలుస్తుంది. అందుకని నాలుగు సార్లు కొలిచి సరిచూసుకుంటారు. వాడలా తిరుగుతున్నాడు, నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నాను.

"ఎవురు మీరు? ఆడేం చేస్తాండారు?"

తల ఎత్తితే మేకలు. మేకల వెనక ముసలాయన, చేతిలో దోటికర్ర. మావాడు ఇంగ్లీషూ తెలుగూ కలిపి "ఇది ఒక గేమ్ తాతా" అని మొదలుపెట్టాడు. ఆయన వినలేదు. కారు నంబరు చూశాడు, కర్ణాటకది. వాడి చేతిలో ఫోను చూశాడు. నా ఒళ్ళో పెట్టె చూశాడు. వెనక్కి తిరిగి చేలకేసి ఒక కేక పెట్టాడు. అయిదు నిమిషాల్లో పదిమంది పోగయ్యారు.

"పోయినేడు గూడా ఇట్లే కార్లో వొచ్చినారు. మధ్యాన్నం సెల్లు పట్టుకోని సూసిపోయినారు. రాత్రికి వొచ్చి తవ్వినారు. ఆ బండ ఎట్ల పడింది అనుకుంటాండారు?"

అప్పుడు అర్థమైంది ఆ గుంట వానకి పడింది కాదని. రాయలసీమలో పాత గుడి, మంటపం, కోటగోడ కనిపిస్తే కింద రాయలవారి నిధి వుందని తవ్వేవాళ్ళు వుంటారు. పత్రికల్లో మీరూ చదివే వుంటారు. దొరికేది ఏమీ వుండదు, దేవుడి నిలువనీడ పోతుంది. నిజానికి దొరికినా వాళ్ళది కాదు. 1878 నాటి చట్టం ప్రకారం పదిరూపాయలు మించిన విలువగల పాతర ఏది దొరికినా కలెక్టరుకి చెప్పుకోవాలి. ఈ చట్టం సంగతి నాకు తెలుసు కాని, ఆ సమయంలో ఒళ్ళో పెట్టెతో కూర్చుని చట్టం మాట్లాడితే మర్యాదగా వుండదు.

ఒక కుర్రవాడు పోలీసులకి ఫోను చేస్తానన్నాడు. మావాడు తెల్లబోయాడు. నేను పెట్టె మూత తీసి అరుగుమీద సామానంతా పరిచాను. గాజులు, గోళీలు, బొంగరం, పెన్సిలు. అందరూ ముందుకి వంగి చూశారు. అంత నిరాశ నేనెప్పుడూ చూడలేదు!

"ఇదేనా?" అన్నాడు ముసలాయన.

"ఇదే. దొరికితే పేరు రాసి పోవాల."

మాట ఎందుకో నోట్లోంచి వూరి యాసలోనే వచ్చింది. ఆయన కళ్ళు చికిలించి నాకేసి చూశాడు. "నువ్వు యాడి దానివమ్మా?"

పుట్టిన వూళ్ళో ఆ మాట అడిగించుకోవడం ఎలా వుంటుందో పెళ్ళై వెళ్ళిన ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. నాన్నగారి పేరు చెప్పాను. ఆయన వెంటనే పలకలేదు. దోటికర్ర స్తంభానికి ఆనించాడు.

"అయివోరి సిన్నకూతురివా? మీ ఇంటి జామచెట్టెక్కి కాలిరగ్గొట్టుకున్నేది నువ్వేనా, మీ యక్కా?"

"నేనే అన్నా."

"మీ నాయన నాకు ఒకటో తరగతి సెప్పినాడు. నాకు రాలే. అది ఆయన తప్పు గాదులే."

అందరూ నవ్వారు. పోలీసు మాట ఎత్తిన కుర్రవాడు మంచినీళ్ళు తెచ్చాడు. ఫోనులో అంకెలు నన్ను ఆరడుగుల దాకా తీసుకురాగలవు. కాని మిగిలిన ఆరడుగులు దాటించడానికి నాన్నగారి పేరు కావలసి వచ్చింది.

మావాడు వుత్సాహం పుంజుకుని, పెట్టె ఏ స్తంభం వెనక పెడితే బాగుంటుందో ముసలాయన్నే అడిగాడు. ఆయన తల అడ్డంగా వూపాడు.

"ఈడ వొద్దు నాయనా. నీ ఆట మంచిదే. తాకట్టు పెట్టినా రూపాయి రాని సొత్తు, నేను సూసినా. కాని నువ్వు ఇంటర్నెట్టులో ఏమని రాస్తావు? ఈ మంటపంలో ఒకటి దాసినామని గదా? సదివినోళ్ళందరూ నీ మాదిరే పెన్సిలు కోసం రారు."

మావాడు, నిబంధనల్లో తవ్వకూడదని, పాతిపెట్టకూడదని వుంటుందని చెప్పబోయాడు. అది నిజమే, ఈ ఆటలో అవి గట్టి నియమాలు. కాని తవ్వేవాడు నిబంధనలు చదివి తవ్వుతాడా? వాడి రెండు నెలల ముచ్చట అంతా ఆ మంటపం మీదే అల్లుకుని వుంది. ఫొటోలు, చరిత్ర, పేరు కూడా "మంటపం" అనే పెట్టుకున్నాడు. వాడు బండముక్క మీద కూర్చుని చాలాసేపు ఆ గుంటకేసి చూశాడు. నేను ఏమీ అనలేదు. తరువాత ఫోనులో రాసుకున్నదంతా మాకు చూపించి చెరిపేశాడు.

మా అరెకరం చూడడానికి అందరం కలిసి నడిచాం. మేకలు కూడా వచ్చాయి. అక్కడ ఏనుగులు పడుకున్నట్టు పెద్ద గుండ్లు, వాటి సందుల్లో రేగుకంప. పైకెక్కితే చెరువు కనిపిస్తుంది. ఈ యేడు సగం నీళ్ళున్నాయి, కొంగలు వాలి వున్నాయి. రెండు గుండ్ల నడుమ చెయ్యి పట్టేంత సందు వుంది. పెట్టె అందులో సరిగ్గా ఇమిడింది. ఎదర ఒక చిన్న రాయి అడ్డం పెట్టాం. స్థలం సొంతదారు అనుమతి కావాలన్నది ఇంకొక నియమం. "అనుమతి ఇచ్చాను, రాసుకో" అన్నాను. వెతకడం ఎంత కష్టమో, నడక ఎంత కష్టమో ఒకటి నుంచి అయిదు దాకా అంకె వెయ్యాలట. నడకకి వాడు రెండు వేశాడు. నా మోకాళ్ళనడిగితే నాలుగు.

అంతటితో అయిపోలేదు. పెట్టె పెట్టగానే వెబ్‌సైటులో కనబడదు. స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకులు చూసి ఒప్పుకోవాలి. ఇంకో పెట్టెకి 161 మీటర్ల లోపల వుండకూడదు. రైలుపట్టాలు, ఆనకట్టలు వంటి చోట్ల కూడదు. అన్నిటికంటే ముఖ్యం, సెలవులకి వచ్చి దాచిపోయి మరిచిపోయే పెట్టెలని ఒప్పుకోరు. తడిస్తే, పోతే, ఎవరు చూసుకుంటారని అడుగుతారు. మావాడు బెంగుళూరులో. నేను మదనపల్లెలో, మోకాళ్ళతో. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"మా మనవరాలు వుంది గదా" అన్నాడు ముసలాయన. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. పదిమందిలో ఆమె కూడా వచ్చింది, కాని ఇందాకటినుంచి మాట్లాడలేదు. మావాడు ఫోను ఇస్తే తీసుకుని పటం చూసి, మొదటి మాటే తప్పు పట్టింది. "ఈ బాట ఇట్ల పోదన్నా. వాగు కాడ తిరుగుతాది." అరగంటలో వాడు గీసిన రెండు బాటలు చెరిపించి, మూడు కొత్తవి గీయించింది. దిన్నెలకి, బావులకి ఇన్ని పేర్లున్నాయని నాకే తెలియదు. పుట్టినదాన్నన్న మాటేగాని, ఆడపిల్లలని మమ్మల్ని కట్ట దాటనిచ్చారు కనుకనా?

పద్దెనిమిది రోజులకి పెట్టె ఒప్పుదల అయి వెబ్‌సైటులో కనిపించింది. ఆ తరువాత వేసవంతా ఎవరూ రాలేదు. మావాడు రోజూ చూసుకోవడం, నిట్టూర్చడం. మా ఎండల్లో ఎవడు వస్తాడు గుండ్లెక్కడానికి! నేను కూడా ఆ సంగతి మరిచిపోయి ఆవకాయల్లో పడ్డాను.

జ్యేష్ఠంలో తొలివాన పడిన మర్నాడు ఆ పిల్ల నాకు ఫోను చేసింది.

"అవ్వా, పెట్టె కాడికి పోయింటి. లోపలికి నీళ్ళు రాలే. కాని పుస్తకంలో ఎవురో రాసిండారు. రెండు పేర్లు, మొన్న ఆదివారం తేదీ. కన్నడంలో వుండాది. నేను కూడబలుక్కోని సదివినా, మన అచ్చరాల మాదిరే గదా. బాగేపల్లి అని ఒకటి తెలిసింది. చెరువు బాగుండాదని రాసినట్టుండారు."

"ఏం తీసుకుపోయారు?" అన్నాను.

"బొంగరం తీసుకోని ఒక బొమ్మకారు పెట్టినారు. అది సరిపోయింది. కాని అవ్వా, పెన్సిలు గూడా ఎత్తకపోయినారు. ఈ తూరి వొచ్చేటప్పుడు రెండు తీసుకోని రాండి."